హనియా (క్రీట్, గ్రీసు): దసరా సెలవుల్లో పాత రేవు దగ్గర వారం – ప్లాన్ ఒకసారి చూసి చెప్పండి

కృష్ణా_కరకట్ట
అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో క్రీట్ ద్వీపంలోని హనియా వెళ్దామనుకుంటున్నాం. హైదరాబాద్ నుంచి ఐదుగురం: అమ్మానాన్న (ఇద్దరికీ అరవై దాటాయి, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు), మేమిద్దరం, ఎనిమిదేళ్ళ పాప. లండన్‌లో ఉండే చెల్లి నేరుగా అక్కడికే వస్తుంది. అమ్మానాన్న పూర్తి శాకాహారం, గుడ్డు కూడా ముట్టరు.

ప్రస్తుతానికి ప్లాన్ ఇది: ఏథెన్స్ 2 రాత్రులు, శాంటోరిని 2, హనియా 3. హోటల్ రేవు ఒడ్డునే, కిటికీ తీస్తే నీళ్ళు కనపడాలి. కారు అద్దెకి. సమరియా లోయ, బాలోస్, ఎలఫోనీసి బీచ్‌లు, క్నోసోస్ (క్రీట్‌లోని పురాతన మినోవన్ నాగరికత నాటి రాజభవనం) నాలుగూ చూడాలి. ఎక్కడ తేడా కొడుతుందో మొహమాటం లేకుండా చెప్పండి.

గాలివాటం
మొహమాటం వద్దన్నారు కాబట్టి: ముందు శాంటోరిని తీసేయండి. క్రీట్ నుంచి అక్కడికి వెళ్ళే స్పీడ్ పడవలు ప్రధానంగా హెరాక్లియన్ రేవు నుంచి నడుస్తాయి. హనియా నుంచి హెరాక్లియన్ సుమారు 140 కి.మీ., బస్సులో రెండున్నర గంటల పైనే. పైగా అక్టోబరు వచ్చేసరికి ఆ సర్వీసులు పలచబడతాయి. గాలి ముదిరితే కోస్ట్‌గార్డ్ ప్రయాణం ఆపేస్తుంది. ముందు ఆగేది స్పీడ్ పడవలే, పెద్ద కార్ ఫెర్రీలు ఇంకొంత తట్టుకుంటాయి. మధ్యలో ఒక్క పడవ రద్దయితే మీ ఏథెన్స్ విమానం కూడా పోతుంది. ఏడు రాత్రుల్లో మూడు చోట్ల పెట్టెలు సర్దుతూ కూర్చోవడం కన్నా హనియాకే ఐదు ఇవ్వండి.

ఇక అక్టోబరు సంగతి. సముద్రం ఇంకా 22 డిగ్రీల దాకా ఉంటుంది, పాప ఈదొచ్చు. పగలు 22–24, రాత్రికి పల్చటి స్వెటర్ కావాలి. సీజన్ మొదటి వానలు కూడా అప్పుడే మొదలవుతాయి. జులై, ఆగస్టుల్లో విసిరే మెల్టెమి అనే ఉత్తరపు గాలి తగ్గిపోతుంది, అది మీకు లాభం. సూర్యాస్తమయం నెల మధ్యలో ఏడు లోపే. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ తర్వాత ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. నెలాఖరుకి యూరప్ నుంచి నేరుగా వచ్చే విమానాలు, బీచ్ బస్సులు, సమరియా లోయ అన్నీ ఒక్కసారే మూతపడతాయి. కాబట్టి సెలవుల మొదటి సగంలోనే వెళ్ళండి.

ఫైల్_నంబర్
టికెట్ల కన్నా ముందు వీసా చూసుకోండి. గ్రీసు షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల) కూటమిలోదే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. కానీ ఆ 15 రోజుల మాట కాగితం మీదే. ఎండాకాలం అపాయింట్‌మెంట్లు నిండిపోతాయి, అక్టోబరు ప్రయాణానికి జూన్, జులైలో వేలిముద్రలు ఇచ్చేయడం క్షేమం. రుసుము పెద్దలకి 90 యూరోలు, 6 నుంచి 12 లోపు పిల్లలకి 45, సర్వీస్ ఛార్జీ అదనం. 12 లోపు పిల్లలకి వేలిముద్రలు ఉండవు. పాస్‌పోర్టు పదేళ్ళ లోపు జారీ అయినదై, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ఇన్సూరెన్స్ కనీస కవర్ 30,000 యూరోలు.

ఫైళ్ళు ఎక్కువగా ఎక్కడ దెబ్బతింటాయంటే: బ్యాంకు ఖాతాలో దరఖాస్తుకి వారం ముందు పెద్ద మొత్తం వచ్చి పడటం, హోటల్ బుకింగులో అందరి పేర్లూ లేకపోవడం, ఇన్సూరెన్స్ తేదీలు విమానం తేదీలకి ఒక రోజు తక్కువ పడటం. అమ్మానాన్నల ఖర్చు మీరు పెడుతుంటే స్పాన్సర్ లేఖతో పాటు వాళ్ళ సొంత స్టేట్‌మెంట్లు, పెన్షన్ కాగితాలు కూడా జతచేయండి. పాప ఫారం మీద తల్లి, తండ్రి ఇద్దరి సంతకాలూ కావాలి.

చెల్లెలిది బ్రిటిష్ పాస్‌పోర్టయితే వీసా అక్కర్లేదు. ఇండియన్ పాస్‌పోర్టుతో అక్కడ ఉంటుంటే బ్రిటన్ నివాస హక్కు షెంగెన్‌కి పనికిరాదు, ఆవిడ అక్కడి నుంచే విడిగా దరఖాస్తు చేసుకోవాలి. అమెరికాలో హెచ్1బి మీద ఉన్నవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

ఏథెన్స్_ట్రాన్సిట్
హైదరాబాద్ నుంచి దోహా లేదా దుబాయ్ మీదుగా ఏథెన్స్, అక్కడి నుంచి దేశీయ విమానం ముప్పావు గంట, అంతే. మొత్తం ఒకే టికెట్ మీద తీసుకోండి. ఏథెన్స్‌లో ఇమిగ్రేషన్ ఎలాగూ దాటాలి, విడివిడిగా కొంటే పెట్టెలు కూడా తీసుకుని మళ్ళీ చెక్ఇన్ చేయాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బులు గోవిందా. విడిగానే తప్పదనుకుంటే మధ్యలో నాలుగు గంటలు ఉంచుకోండి. బయటి దేశాల పాస్‌పోర్టులకి వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త ఈఈఎస్ పద్ధతి 2025 అక్టోబరులో మొదలైంది కాబట్టి వరుస మెల్లగా కదులుతుంది.

క్రీట్‌లో రెండు పెద్ద విమానాశ్రయాలున్నాయి. మీకు కావలసింది సీహెచ్‌క్యూ, అది హనియా విమానాశ్రయం కోడ్. చవగ్గా ఉందని హెచ్ఈఆర్ తీసుకుంటే అది హెరాక్లియన్, అర్ధరాత్రి దిగితే టాక్సీ ఖర్చుకి ఇంకో విమాన టికెట్ వస్తుంది.

పడవ ఇష్టమైతే పిరయస్ నుంచి రాత్రి ఫెర్రీ ఉంది. ఏథెన్స్ ఎయిర్‌పోర్టు నుంచి పిరయస్ రేవుకి మెట్రో 3వ లైన్ నేరుగా వెళుతుంది, ఎక్స్96 బస్సు రాత్రంతా తిరుగుతుంది. ఫెర్రీ తెల్లవారుజామున సూడా రేవులో దించుతుంది. హనియా అక్కడి నుంచి 7 కి.మీ., సిటీ బస్సుంది. పెద్దవాళ్ళకి డెక్ సీటు వద్దు, నాలుగు పడకల క్యాబిన్ తీసుకోండి. చిక్కల్లా ఉదయం ఆరింటికి దిగితే హోటల్ గది మధ్యాహ్నం రెండు దాకా ఇవ్వరు. పెట్టెలు అక్కడ పెట్టుకోనిస్తారా, స్నానానికి చోటుంటుందా అని ముందే రాసి అడగండి.

మెట్లు_దిగు
హోటల్ విషయంలో నాన్నగారి మోకాళ్ళని దృష్టిలో పెట్టుకోండి. పాత ఊళ్ళో హోటళ్ళంటే చాలావరకు వెనిస్ పాలన కాలపు ఇళ్ళే. నాలుగంతస్తుల ఇరుకు ఇల్లు, నిటారు చెక్కమెట్లు, లిఫ్ట్ ఉండదు. సముద్రం కనపడే గది ఎప్పుడూ పై అంతస్తులోనే! ఫోటోలో అందంగా కనపడే రెండంతస్తుల గదిలో మంచం పైన, బాత్రూం కింద ఉంటుంది. రాత్రి రెండుసార్లు లేచే పెద్దవాళ్ళకి అది శిక్ష.

రేవు ఒడ్డున బార్లు తెల్లవారే దాకా మోగుతాయి. రేవు చూడ్డానికి, నిద్రకి దాని వెనక రెండు వీధులు. పడమర వైపు తోపనాస్ పేటలో థియోటోకోపులు వీధి చుట్టుపక్కల కొంచెం ప్రశాంతం. తూర్పున స్ప్లాన్జియా పేట స్థానికుల ఊరిలా ఉంటుంది, నేల కూడా చదునుగా ఉంటుంది. మీ కుటుంబానికైతే నేను నేఆ హోరా అంటాను. కోటగోడకి పడమర పక్క, లిఫ్ట్ ఉన్న మామూలు అపార్ట్‌మెంట్లు, ఎదురుగా ఇసుక బీచ్, రేవుకి నడక పది పదిహేను నిమిషాలు.

పాత ఊళ్ళోకి టాక్సీ రాదు. గోడ దగ్గర దింపేస్తే రాళ్ళు పరిచిన సందుల్లో పెట్టె లాక్కుంటూ పోవాలి. నాలుగు చిన్న చక్రాల పెట్టెలు ఆ రాళ్ళలో విరిగిపోతాయి, రెండు పెద్ద చక్రాలవి నయం.

ఇంకోటి, బుకింగ్ సైటు చూపించే ధరలో వాతావరణ రుసుము సాధారణంగా కలవదు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా గదికి రాత్రికి: ఒకటి, రెండు నక్షత్రాల హోటల్‌కి 2 యూరోలు, మూడుకి 5, నాలుగుకి 10, ఐదుకి 15. అద్దె అపార్ట్‌మెంటుకి 8. మనిషికి కాదు, గదికి. ఆరుగురికీ కలిపి మూడు పడకగదుల ఫ్లాటు ఒకటి తీసుకుంటే ఇక్కడే మిగులుతుంది.

శాకపాకం
గుడ్డు లేని శాకాహారానికి క్రీట్ మంచి చోటే, కానీ అడగడం తెలియాలి. ఆర్థడాక్స్ ఉపవాస రోజుల తిండిని ‘నిస్తీసిమో’ అంటారు: మాంసం, చేప, పాలు, గుడ్డు ఉండవు. కానీ ఆక్టోపస్, స్క్విడ్, రొయ్యలు ఉపవాసంలో చెల్లుతాయి! అందుకే ‘నిస్తీసిమో’ అని ఊరుకోకుండా ‘హోరిస్ క్రేయాస్, హోరిస్ థలసినా’ (మాంసం లేకుండా, సముద్రపు తిండి లేకుండా) అనండి. గుడ్డు వద్దంటే ‘హోరిస్ అవ్గా’.

ధైర్యంగా అడగదగ్గవి: ‘లదేరా’ అనే నూనె కూరలు (బ్రియామ్ అంటే వంకాయ, గుమ్మడి జాతి కాయలు, బంగాళాదుంపలు కలిపి ఓవెన్‌లో మగ్గించింది), ఫావా పప్పు ముద్ద, గిగాంతెస్ అనే పెద్ద చిక్కుడు గింజలు, హోర్తా అంటే ఉడకబెట్టిన అడవి ఆకుకూర, డాకోస్ అంటే బార్లీ రస్కు మీద టమాటా, మిజిత్రా జున్ను. బురేకి హనియా సొంత వంట, గుమ్మడి జాతి కాయలు, బంగాళాదుంప, మిజిత్రా పొరలుగా వేసి కాలుస్తారు. పైన పిండి పొర ఉన్న రకానికి గుడ్డు పూస్తారు, అడగాలి. గెమిస్తా (టమాటా, క్యాప్సికంలో అన్నం కూరింది) కొన్ని చోట్ల ఖీమాతో చేస్తారు, కాబట్టి ఇదీ అడగండి. వేపుళ్ళకి దూరంగా ఉండండి, కూరగాయల ముక్కలు వేగేది స్క్విడ్ వేగిన నూనెలోనే. గట్టి జున్నుల్లో జంతువుల రెనెట్ (దూడ పొట్ట నుంచి తీసే, పాలు విరిచే పదార్థం) మామూలే, అమ్మగారు అంత పట్టింపుగా ఉంటే జున్ను మొత్తం మానేయడమే.

పొద్దున బుగాత్సా అనే పొరల పిండివంట తినండి. హనియా రకం తియ్యటి కస్టర్డ్ కాదు, పుల్లటి ఉప్పటి మిజిత్రాతో చేసి పైన పంచదార చల్లుతారు. హనియాలో కేవలం అది మాత్రమే అమ్మే పాత దుకాణాలున్నాయి. బిల్లు తర్వాత పండు, చిన్న సీసాలో రాకీ (ద్రాక్ష సారా) ఉచితంగా పెడతారు. బ్రెడ్డుకి మాత్రం తలకింత అని కడతారు.

ఇంటి నుంచి తీసుకెళ్ళేవి: కారప్పొడులు, నూనె పచ్చళ్ళు, ఇన్‌స్టంట్ ఉప్మా సరే. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురాకూడదు, అంటే నెయ్యి, కోవా, పాలపొడి వద్దు. తాజా కరివేపాకు, మామిడికాయ, పచ్చిమిర్చి కూడా మొక్కల తనిఖీ పత్రం లేకుండా కుదరవు. పెరుగు అక్కడ బ్రహ్మాండంగా దొరుకుతుంది కాబట్టి ఆవకాయ, పెరుగన్నానికి లోటుండదు. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు, రైస్ కుక్కర్‌కి అడాప్టర్ కావాలి. వోల్టేజీ మాత్రం మనదే, 230.

స్టీరింగ్_ఎడమ
కారు గురించి. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి. పరివాహన్‌లో దరఖాస్తు చేస్తే ఆర్‌టీఓ ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది. అది లేకుండా కొందరు కారు ఇచ్చేస్తారు. కానీ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ చేతులెత్తేస్తుంది. ఆటోమేటిక్ గేర్ కార్లు తక్కువ, నెలల ముందే బుక్ చేయాలి. అక్కడ కుడి వైపు నడపాలి, స్టీరింగ్ ఎడమ పక్క. ఉత్తర తీరం హైవే మీద నెమ్మదిగా వెళ్ళేవాళ్ళు సగం కారుని రోడ్డు అంచు పట్టీ మీదకి జరిపి వెనకవాళ్ళకి దారిస్తారు. అది మర్యాదగా జరిగే పని, చట్టం కాదు. మలుపు ముందు మాత్రం అలా చేయకండి, ఆ పట్టీలో ఆగిన ట్రాక్టరు ఉండొచ్చు.

బాలోస్‌కి చివరి 8 కి.మీ. మట్టి రోడ్డు. దాదాపు అన్ని అద్దె ఒప్పందాల్లో మట్టి రోడ్డు మీద టైరుకి, కింది భాగానికి కవర్ ఉండదు, ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అన్నా సరే. చిన్న అక్షరాలు చదవండి.

కోటగోడ
కారు ఏడు రోజులూ ఎందుకు? రేవులో నాలుగు చక్రాలకి పనే లేదు, పార్కింగ్ వెతుక్కోవడమే ఒక డ్యూటీ. రెండు రోజులకి తీసుకుంటే చాలు, మిగతాది కేటెల్ బస్సు. బస్టాండ్ కిదోనియాస్ వీధిలో, పాత ఊరికి పది నిమిషాల నడక. పెట్టెలు బస్సు కింద వేస్తారు, టికెట్ కౌంటర్లో కొని ఎక్కితే కండక్టరుతో చిల్లర గొడవ ఉండదు.

స్టీరింగ్_ఎడమ
@కోటగోడ ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి సరే. ఆరుగురికి ఎలఫోనీసి బస్సు టికెట్లు రానూపోనూ కలిపితే ఒకరోజు కారు అద్దె దాటొచ్చు. పైగా బస్సు మధ్యాహ్నం దాటాకే వెనక్కొస్తుంది, పాప అలసిపోతే మధ్యలో వచ్చే దారి లేదు. రెండు రోజులు అన్న మాటతో మాత్రం ఏకీభవిస్తాను. ఆరుగురంటే ఏడు సీట్ల కారు, మన ఆరు పెట్టెలు దాంట్లో పట్టవు. ఎయిర్‌పోర్టుకి విడిగా వ్యాన్ టాక్సీయే.

గాలివాటం
నాలుగు చోట్ల గురించి నా లెక్క:

సమరియా నాన్నగారికి వద్దు. 1,200 మీటర్లకి పైగా ఎత్తున క్సిలోస్కాలో దగ్గర మొదలై సముద్ర మట్టం దాకా 16 కి.మీ., అంతా దిగుడే, అంతా గులకరాళ్ళే. మోకాళ్ళు, కాలి బొటనవేళ్ళ గోళ్ళు మొదట పోతాయి. మధ్యలో రోడ్డు లేదు. కాలు బెణికితే కంచరగాడిద మీద బయటికి తెస్తారు. దిగాక ఆగియా రూమెలీ ఊరు, అక్కడా రోడ్డు లేదు, సాయంత్రం పడవెక్కి సూగియా గానీ హోరా స్ఫాకియోన్ గానీ చేరి బస్సెక్కాలి. ఆ పడవ తప్పితే రాత్రి అక్కడే. మీరూ చెల్లెలూ వెళ్ళాలనుకుంటే పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళండి. కిందటి రోజు సాయంత్రం తెరిచి ఉంటుందా అని ఫోన్ చేసి కనుక్కోండి, వాన సూచన ఉంటే మూసేస్తారు. అందరూ కలిసి చూడాలంటే తిరగేసి చేయండి: హోరా స్ఫాకియోన్ నుంచి పడవలో ఆగియా రూమెలీ చేరి, కింది నుంచి ‘ఇనుప ద్వారాలు’ అనే ఇరుకు చోటు దాకా నడిచి వెనక్కి. పెద్దవాళ్ళు బీచ్‌లో కూర్చోవచ్చు.

బాలోస్‌కి కిస్సామోస్ రేవు నుంచి పడవ, దారిలో గ్రాంవూసా దీవి కోట దగ్గర ఆగుతుంది. కారులో వెళితే పార్కింగ్ నుంచి రాతి మెట్లు దిగాలి, ఎండలో తిరిగి ఎక్కాలి. మీకు పడవే. ఒడ్డు దగ్గర పడవ దిగాక నీళ్ళలో, ఇసుకలో కొంచెం నడక ఉంటుంది. ఉత్తరపు గాలి లేస్తే ఆ రోజు పడవ ఉండదు, కాబట్టి టికెట్ కొనేముందు గాలి చూసుకోండి.

ఎలఫోనీసి 75 కి.మీ.లే, కానీ గంటన్నర పైనే పడుతుంది. తోపోలియా దగ్గర ఒంటి వరుస సొరంగం ఉంది, ఎర్ర లైటు పడితే ఆగాలి. పది లోపు చేరితే లేత గులాబీ ఇసుక కనపడుతుంది, పన్నెండుకి గొడుగులే కనపడతాయి. మోకాలి లోతు నీళ్ళు, పాపకి ఇదే సరైనది. ఇసుక సీసాలో పోసుకు రావడం నిషేధం, పాపకి ముందే చెప్పండి.

క్నోసోస్ హెరాక్లియన్ దగ్గర. హనియా నుంచి రానూపోనూ ఐదారు గంటలు రోడ్డు మీదే. తిరుగు విమానం హెరాక్లియన్ నుంచి పెట్టుకుంటే దారిలో చూడొచ్చు, లేకపోతే వదిలేయండి.

కోటగోడ
అందరూ హనియాని పడక గదిగా వాడుకుని బీచ్‌లకి పరిగెడతారు. ఊరికి రెండు పూర్తి రోజులివ్వండి, నడక తక్కువగా పెట్టి.

పొద్దున్న పడమర కొస ఫిర్కా కోట దగ్గర మొదలెట్టండి. 1913 డిసెంబరు 1న క్రీట్ గ్రీసులో కలిసినప్పుడు జెండా ఎగరేసింది ఇక్కడే. లోపల నౌకా మ్యూజియం. అక్కడి నుంచి రేవు వంపు వెంట తూర్పుకి నడిస్తే గుమ్మటాల మసీదు వస్తుంది. 1645లో వెనిస్ నుంచి ఊరు ఒట్టోమన్ల చేతికొచ్చాక కట్టింది. ఇంకా ముందుకెళితే వెనిస్ వాళ్ళ ఓడల షెడ్లు, నెయోరియా అంటారు, 17 కట్టారు, వరుసగా 7 మిగిలాయి. తూర్పు కొసన ఇంకో షెడ్డులో మినోవన్ కాలపు పద్ధతిలో కట్టిన ఓడ నమూనా ఉంది, 2004 ఒలింపిక్స్‌కి ఏథెన్స్ దాకా తెడ్లతో నడిచి వెళ్ళిన ఓడ అది.

లైట్‌హౌస్ ఫిర్కా ఎదురుగా చేయి చాచితే అందేట్టుంటుంది, కానీ రేవు చుట్టూ తిరిగి అలల గోడ మీదుగా రావాలి, ఒక్కో వైపుకి కిలోమీటరున్నర. పునాది వెనిస్ వాళ్ళది, పైది 1830ల్లో ఈజిప్టు పాలనలో కట్టింది. లోపలికి పంపరు. అలల గోడ మీద రాళ్ళు ఎగుడుదిగుడు, నీడ లేదు, పిట్టగోడ లేదు. నాన్నగారు మసీదు దగ్గర కాఫీతో ఆగిపోవడమే మంచిది. ఉత్తరం నుంచి గాలి గట్టిగా ఉన్న రోజు ఎవరూ వెళ్ళొద్దు. రేవు ముఖమే ఉత్తరానికి, అలలు గోడ దాటి పడతాయి.

సాయంత్రం స్ప్లాన్జియా. ఆగియోస్ నికోలావోస్ చర్చికి ఒక పక్క గంట గోపురం, ఇంకో పక్క రెండు బాల్కనీల మినార్. వెనిస్ వాళ్ళ మఠం, తర్వాత మసీదు, 1918 నుంచి ఆర్థడాక్స్ చర్చి. ఎదుటి చెట్ల కింద కుర్చీలు, పెద్దవాళ్ళకి రేవు కన్నా ఇదే నచ్చుతుంది.

పడమర పేటలో ఎట్జ్ హయ్యిమ్ యూదుల ప్రార్థనాలయం చిన్నది, వదలకండి. 1944లో నాజీలు హనియా యూదులందరినీ పట్టి టనాయిస్ ఓడలో ఎక్కించారు. అందులో ఎవరున్నారో తెలియని బ్రిటిష్ జలాంతర్గామి జూన్ 9న దాన్ని ముంచింది. ఆ సమాజం అక్కడితో ముగిసింది. 1999లో ప్రార్థనాలయాన్ని బాగుచేసి తెరిచారు. శనివారం వెళ్ళకండి.

పురావస్తు మ్యూజియం ఇప్పుడు పాత ఊళ్ళో లేదు, 2022లో హలేపా పేటకి మారింది. పాత గైడు పుస్తకం పట్టుకుని హలిదోన్ వీధిలో వెతికేవాళ్ళు ఇంకా ఉన్నారు. కొత్త భవనంలో లిఫ్ట్ ఉంది. కాస్టెలీ గుట్ట మీద దొరికిన మినోవన్ ముద్ర చూడండి, చిన్న మట్టిబిళ్ళ మీద ఊరంతా అచ్చు పడింది.

శనివారం పొద్దున్న తూర్పు గోడ పక్కన మినోస్ వీధిలో రైతుల సంత. అక్టోబరులో దానిమ్మ, ద్రాక్ష, కొత్త బాదం దొరుకుతాయి.

కృష్ణా_కరకట్ట
అందరికీ ధన్యవాదాలండీ. మార్చిన ప్లాన్: రాగానే నేరుగా హనియా 6 రాత్రులు, నేఆ హోరాలో మూడు పడకగదుల ఫ్లాటు, చివరి రాత్రి ఏథెన్స్. కారు 2 రోజులు (ఎలఫోనీసి, హనియా దగ్గరి ప్రాచీన శిథిలాల ఊరు అప్తెరా). బాలోస్ గాలిని బట్టి. సమరియా నేనూ చెల్లీ మాత్రమే. డబ్బు ఎలా తీసుకెళ్ళాలి? ఆలివ్ నూనె, రాకీ తేవచ్చా?

ఏథెన్స్_ట్రాన్సిట్
చివరి రాత్రి ఏథెన్స్ పెట్టడం సరైన పని, ద్వీపం విమానం ఆలస్యమైనా పెద్ద విమానం దొరుకుతుంది.

కార్డు దాదాపు అంతటా నడుస్తుంది. మెషిన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయలంటే వాళ్ళ మారకం రేటు వేస్తారు. రేవు దగ్గర ప్రైవేటు ఏటీఎంలు ఛార్జీ గట్టిగా వేస్తాయి, ఊళ్ళో బ్యాంకు గోడకున్నవి వాడండి. పడవ మీద కాఫీకి, సంతకి, పల్లె హోటళ్ళకి కొంత నగదు ఉంచుకోండి.

ఆలివ్ నూనె చెక్ఇన్ పెట్టెలోనే. చేతి సంచిలో 100 మి.లీ. దాటితే సెక్యూరిటీ తీసేస్తుంది. గాజు సీసా కన్నా రేకు డబ్బా నయం. మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో పెట్టి, బట్టల మధ్యన నిలబెట్టండి. రాకీ కూడా చెక్ఇన్‌లోనే, కానీ లేబుల్ ఉన్న, దుకాణంలో సీల్ చేసిన సీసా అయితేనే ఎయిర్‌లైన్ ఒప్పుకుంటుంది. ఊరి హోటలాయన ప్రేమగా నీళ్ళ బాటిల్లో పోసిచ్చింది పట్టుకురాకండి. ఇండియాలోకి పెద్దవాళ్ళకి తలా 2 లీటర్ల మద్యం వరకే సుంకం లేదు.

మెట్లు_దిగు
నేఆ హోరా ఫ్లాటు బుక్ చేసేముందు ఓనరుని రెండు అడగండి: లిఫ్ట్ మీ అంతస్తు దాకా వస్తుందా, లేక ఒక అంతస్తు కింద ఆగుతుందా, బాత్రూంలో షవర్ ట్రేకి గట్టు ఎంత ఎత్తు. రెండిటికీ ఫోటో పంపమనండి. అక్కడ టాయిలెట్ పేపరు కమోడ్‌లో వేయరు, పక్కన బుట్టలో వేయాలి, పైపులు సన్నవి. ఇది పెద్దవాళ్ళకి బయల్దేరే ముందే చెప్పండి.